మీ ఊరి మతపెద్ద సేవకు ప్రభుత్వ గుర్తింపు: పద్మ నామినేషన్ వేయడం ఎలా?

ఏటా జనవరి 25 సాయంత్రం పద్మ పురస్కారాల జాబితా వస్తుంది. అందులో ఒక స్వామీజీ పేరో, మౌలానా పేరో, సాధ్వి పేరో కనిపించినప్పుడు మన ఊరి గుడి పూజారి గారో, చర్చి ఫాదరో, మసీదు ఇమామ్ సాబో గుర్తొస్తారు. ‘ఇన్నేళ్ళుగా ఇంత చేస్తున్నారు, ఆయన పేరు ఎవరూ ఎందుకు పంపలేదు?’ అనిపిస్తుంది. పంపాల్సింది మనమే. దానికి ఎమ్మెల్యే గారి లెటర్ అక్కర్లేదు, ఢిల్లీలో తెలిసినవాళ్ళు అక్కర్లేదు, రూపాయి ఫీజు లేదు. ఎవరి పేరునైనా ఎవరైనా పంపొచ్చు. తన పేరు తానే పంపుకోవడానికి కూడా నిబంధనలు ఒప్పుకుంటాయి.

నేను ఒకసారి ఈ పని నెత్తికెత్తుకున్నాను. మా పట్టణంలో బీడీలు చుట్టే ఇళ్ళ ఆడపిల్లలకు మసీదు వరండాలో రాత్రిబడి నడిపే ఇమామ్ సాబ్ కోసం. మొదట్లో చాలా తప్పులు చేశాను. అవి మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆయన్ను అడగండి

చాలామంది ‘సర్‌ప్రైజ్ ఇద్దాం’ అనుకుని చెప్పకుండా పేరు పంపేస్తారు. అలా చేయకండి. పద్మ పురస్కారం విషయంలో ప్రభుత్వం ముందుగా రాతపూర్వకంగా అంగీకారం తీసుకోదు. ప్రకటనకు కాస్త ముందు హోంశాఖ నుంచి ఫోన్ వస్తుంది, అంతే. ఆ ఫోన్‌లో ఆయన వద్దంటే మీ కష్టమంతా వృథా. అంతకన్నా ముఖ్యంగా, సన్యాసమో వ్రతమో తీసుకున్న మనిషిని ఇరకాటంలో పెట్టినవాళ్ళం అవుతాం.

వద్దన్నవాళ్ళు ఉన్నారు. హైదరాబాద్ రామకృష్ణ మఠాన్ని చాలా ఏళ్ళు నడిపించిన స్వామి రంగనాథానంద గారికి 2000లో పద్మవిభూషణ్ ప్రకటిస్తే ఆయన తీసుకోలేదు. అది తనకు వ్యక్తిగతంగా ఇస్తున్నారు, మిషన్‌కు కాదు అన్నది ఆయన కారణం. గాంధీ శాంతి బహుమతి రామకృష్ణ మిషన్ పేరు మీద వచ్చింది, కాబట్టి దానికి అభ్యంతరం లేకపోయింది. కర్ణాటకలో విజయపుర జ్ఞానయోగాశ్రమం సిద్ధేశ్వర స్వామి కూడా 2018లో పద్మశ్రీని వినయంగా వద్దన్నారు. వాళ్ళ దారిలో అది సరైన మాట. మీ గురువుగారి దారి ఏదో ఆయన నోటితోనే వినండి.

మా ఇమామ్ సాబ్‌ను అడిగినప్పుడు, “నాకెందుకు బేటా ఇవన్నీ, పిల్లలకు రెండు ట్యూబ్‌లైట్లు వేయించు చాలు” అన్నారు. ముందు ట్యూబ్‌లైట్లు వేయించాం. ఆ తర్వాత నెమ్మదిగా చెప్పాను, ఆయన పేరు పంపితే ఈ బడి సంగతి నలుగురికీ తెలుస్తుందని, ఇంకో ఊళ్ళో ఇంకొకరు మొదలుపెడతారని. అప్పుడు సరే అన్నారు. పొగడ్త అంటే ముడుచుకుపోయే మనుషులతో పని గురించి మాట్లాడితే వింటారు.

ఏ గుర్తింపు సరిపోతుందో ఆలోచించండి

గుర్తింపు అంటే పద్మ ఒక్కటే కాదు. ఆగస్టు 15న, జనవరి 26న జిల్లా కేంద్రంలో కలెక్టర్ చేతుల మీదుగా ప్రశంసాపత్రాలు ఇస్తారు. ఎక్కువగా ఉద్యోగులకే ఇచ్చినా, సేవ చేసే బయటివాళ్ళకూ అవకాశం ఉంటుంది. నెలన్నర ముందే కలెక్టరేట్‌లో ఒక అర్జీ, దానికి జతగా రెండు పేజీల వివరం ఇచ్చి రసీదు తీసుకోండి. వేద పండితులను ఉగాది నాడు సత్కరించే ఆనవాయితీ మన ప్రభుత్వాలకు ఉంది. మీ పెద్దాయన సేవ ప్రధానంగా పాండిత్యంలో ఉంటే, అంటే సంస్కృతం, అరబిక్, పర్షియన్, పాళీ, ప్రాకృతం వంటి భాషల్లో జీవితం గడిపినవారైతే, 1958లో మొదలైన రాష్ట్రపతి సమ్మాన పత్రం గురించి కేంద్ర విద్యాశాఖ ప్రకటనలు చూస్తూ ఉండండి.

ఇక పద్మ. 1954లో మొదలైంది. విభూషణ్, భూషణ్, శ్రీ అనే ఇప్పటి పేర్లు 1955 నుంచి ఉన్నాయి. మరణానంతరం ఇచ్చేవి, విదేశీయులకు, ప్రవాస భారతీయులకు ఇచ్చేవి మినహాయిస్తే ఏడాదికి 120కి మించకూడదన్నది నియమం. దేశం మొత్తానికి, అన్ని రంగాలకూ కలిపి 120. ఆ లెక్క ముందే తెలిసి ఉంటే ఆశ అదుపులో ఉంటుంది, ఫైల్ తయారుచేయడంలో శ్రద్ధ పెరుగుతుంది.

ఏ రంగం కింద పంపుతున్నామన్నది ముఖ్యం. మతగురువు అనగానే ‘ఆధ్యాత్మికం’ అని రాసేయకండి. ఆ విభాగం కింద గౌరవం పొందినవారు ఉన్న మాట నిజమే. 2023లో తెలంగాణ నుంచి చినజీయర్ స్వామికి, కమలేశ్ పటేల్ (దాజీ) గారికి పద్మభూషణ్ వచ్చింది ఆధ్యాత్మిక రంగంలోనే. కానీ బీహార్‌లోని రాజ్‌గిర్‌లో కంటి ఆసుపత్రి నడిపించిన జైన ఆచార్య చందనాజీకి 2022లో పద్మశ్రీ వచ్చింది సంఘసేవకు. పంజాబ్‌లో 160 కిలోమీటర్ల కాలీ బేయీ నది మురికికాల్వలా మారిపోతే, సంత్ బల్బీర్ సింగ్ సీచేవాల్ 2000లో కరసేవకులను వెంటబెట్టుకుని నదిలోకి దిగారు. గుర్రపుడెక్క లాగేశారు, గట్లు కట్టించారు. గురునానక్ స్నానం చేసిన నది అని ఆయనకు భక్తి. 2017లో పద్మశ్రీ తెచ్చిపెట్టింది మాత్రం శుభ్రమైన నీళ్ళు. మీ గురువుగారి విషయంలోనూ ఇదే ప్రశ్న వేసుకోండి: ఆయన మతాన్ని పాటించని మనిషి కూడా వేలు పెట్టి చూపించగల పని ఏది? దాన్ని బట్టే రంగం ఎంచుకోండి.

అర్హతలో రెండు మెలికలు

ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ సిబ్బందికి, ప్రభుత్వరంగ సంస్థల వాళ్ళకు పద్మ ఇవ్వరు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రమే మినహాయింపు. మన దగ్గర వారమంతా సర్కారు బడిలో టీచరుగా ఉండి ఆదివారం పాస్టర్‌గా ఉండేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేరు పంపాలంటే ఉద్యోగ విరమణ దాకా ఆగాల్సిందే.

రెండోది, చనిపోయినవారికి మామూలుగా ఇవ్వరు. చాలా ప్రత్యేకమైన సందర్భాల్లోనే ఇస్తారు. 2019 డిసెంబర్‌లో పరమపదించిన ఉడుపి పెజావర మఠం విశ్వేశతీర్థ స్వామికి 2020 జాబితాలో పద్మవిభూషణ్ అలా వచ్చిందే. కాబట్టి పెద్దవయసు వాళ్ళ విషయంలో ‘వచ్చే ఏడు చూద్దాం’ అనుకోవద్దు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. తుది జాబితాకు వెళ్ళే పేర్ల పూర్వాపరాలు ప్రభుత్వం విచారిస్తుంది. మీరు అంతకుముందే విచారించండి. స్థలం తగాదా, విరాళాల లెక్కల మీద కేసు, పిల్లల నుంచో ఆడవాళ్ళ నుంచో ఫిర్యాదు ఉన్నాయేమో కనుక్కోండి. తగాదా చిన్నదైతే కాగితాలు దగ్గర పెట్టుకోండి. చివరిరకం ఫిర్యాదు ఉంటే, నిజానిజాలు తేలేదాకా ఆ పేరు పంపకండి, ఆయన మీకు ఎంత దగ్గరివారైనా సరే. ఫిర్యాదు చేసినవాళ్ళూ మన ఊరివాళ్ళే కదా.

కాగితాలు పోగుచేయడం

అసలు పని ఇదే. కనీసం నెల రోజులు పెట్టుకోండి. మతపెద్దల సేవకు కాగితం ఉండదు, అదే మొదటి కష్టం. పూజారి గారు రోజూ యాభై మందికి అన్నం పెడతారు, రసీదు రాయరు. ఫాదర్ రాత్రి రెండింటికి రోగిని ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఎక్కడా నమోదు చేయరు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదనుకునే మనుషులు వాళ్ళు.

మా ఇమామ్ సాబ్ కూడా అంతే. ‘ఎంతమంది చదువుకున్నారు?’ అంటే ‘అల్లాకు తెలుసు’ అన్నారు. చివరికి వాళ్ళ ఇంట్లో మంచం కింది ఇనప్పెట్టెలో 11 పొడుగు నోట్‌బుక్కులు దొరికాయి. రోజూ వేసిన హాజరు. సగం పేర్లు ఉర్దూలో, సగం తెలుగులో. అట్టలు చెదలు తిన్నాయి. కొన్ని పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు ఉంది. అదేంటని అడిగితే, “పదో తరగతి పాసైన పిల్లలు” అన్నారు. కొన్ని పేర్ల పక్కన సున్నా చుట్టి ఉంది. అవి పెళ్ళి చేసి పంపేసిన పిల్లలవి. ఆయనకు ఆ సున్నాలన్నీ గుర్తున్నాయి, ఒక్కొక్కటీ చూపించి చెప్పారు. మూడు సాయంత్రాలు కూర్చుని ఆ టిక్కులన్నీ లెక్కపెట్టాం. మా ఫైల్లో అన్నిటికన్నా గట్టి కాగితం ఆ లెక్కే అయింది.

మీరూ అలాగే వెతకండి. బియ్యం కొట్టు ఖాతా పుస్తకం, ఆసుపత్రి ఓపీ చీటీలు, రక్తదాన శిబిరం సర్టిఫికెట్లు, ట్రస్టు రిజిస్ట్రేషన్, ఆడిట్ రిపోర్టు, పేపర్ కటింగ్స్. కటింగ్ మీద తేదీ కనిపించేలా జిరాక్స్ తీయించండి. ఫోటోల్లో శాలువా కప్పే ఫోటోలు పక్కన పెట్టేసి, పని జరుగుతున్నప్పటివి తీసుకోండి. వంటశాల, తరగతి, రోగి మంచం. పిల్లల ముఖాలు, రోగుల ముఖాలు కనబడే ఫోటో అయితే వాళ్ళ ఇంట్లోవాళ్ళను అడిగే వాడండి.

తర్వాత నాలుగైదు ఉత్తరాలు రాయించండి. ఒక్కటి మాత్రం తప్పనిసరి అంటాను: వేరే మతం మనిషి ఇచ్చిన ఉత్తరం. మా ఫైల్లో పక్క వీధి రామాలయం కమిటీ పెద్ద రాసిచ్చారు. వాళ్ళ వీధి పిల్లలు ఆ వరండాలోనే చదువుకున్నారని, వేసవిలో మసీదులో కరెంటు పోతే బడి గుడి అరుగు మీదికి మారేదని. పది మంది శిష్యులు రాసిన ఉత్తరాల కన్నా ఇది విలువైనది.

800 పదాల కథనం రాయడం

నామినేషన్‌కు ప్రాణం ఇదే. ఆయన చేసిన విశిష్ట సేవను 800 పదాలకు మించకుండా రాయాలి. ముందు తెలుగులో రాసుకోండి. మన మనిషి గురించి మన భాషలోనే నిజాలు వస్తాయి. తర్వాత ఇంగ్లీషు బాగా వచ్చిన లెక్చరర్ చేతో, బ్యాంకు ఉద్యోగి చేతో అనువాదం చేయించండి.

నేను మొదట రాసింది ఇలా మొదలైంది: “నిరాడంబరులు, మానవతామూర్తి, కులమతాలకు అతీతంగా అందరి మన్ననలు అందుకున్న మహనీయులు, త్యాగధనులు...” మా పట్టణంలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్ గారికి చూపిస్తే మొత్తం చదివి, “బాగుందయ్యా, ఇంతకీ ఆయన ఏం చేశారు?” అన్నారు. సగం పదాలు పొగడ్తకే అయిపోయాయి. ఎవరి పేరు పెట్టినా ఆ వాక్యం అతుక్కుంటుంది. స్తోత్రం దేవుడికి సరిపోతుంది. కమిటీలో కూర్చున్న మనిషికి ఊరు కనిపించాలి, సమస్య కనిపించాలి.

రెండోసారి ఇలా రాశాం: “ఈ పట్టణంలో బీడీ కార్మికుల ఇళ్ళలో ఆడపిల్లలు ఏడో తరగతి దాటగానే బడి మానేసి చాట పట్టుకునేవారు. 2003లో ఈయన మసీదు వరండాలో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా చదువు చెప్పడం మొదలుపెట్టారు. మొదటి రోజు నలుగురే వచ్చారు. ఆడపిల్లలను రాత్రిపూట పంపం అన్న తల్లులను కూడా వచ్చి వరండాలోనే కూర్చుని బీడీలు చుట్టుకోమన్నారు. పిల్లలను చదువు అయ్యాక తనే లైటు పట్టుకుని వీధి చివరిదాకా దిగబెట్టేవారు.” ఇందులో ఒక్క విశేషణం లేదు. కానీ ఆ మనిషి మీకు కనిపించారు కదా.

కథనంలో ఇవి ఉండేలా చూసుకోండి: ఆయన రాకముందు పరిస్థితి, ఎప్పుడు ఏం మొదలుపెట్టారు, ఎవరు అడ్డుపడ్డారు, ఎవరికి మేలు జరిగింది, ఎంతమందికి జరిగింది, ఆ పని ఇంకెక్కడికైనా పాకిందా. సంఖ్యలు కాగితం మీద చూపించగలిగినవే రాయండి. ‘వేలాదిమంది’ అని గాల్లో రాసేకన్నా నోట్‌బుక్కులో దొరికిన సంఖ్య ఎంత చిన్నదైనా అదే రాయండి.

ఇంకో సంగతి. ఎక్కువ కాలం సేవ చేసినంత మాత్రాన ఇచ్చేది కాదు, ప్రత్యేకమైన సేవకు ఇచ్చేది అని పద్మ నిబంధనల్లోనే ఉంది. ‘40 ఏళ్ళుగా అర్చకత్వం’ అన్నది గౌరవించాల్సిన జీవితమే, కానీ నామినేషన్‌కు అదొక్కటే చాలదు. ఆ 40 ఏళ్ళలో ఊరు ఎలా మారిందో చెప్పాలి. అలాగే మహిళలు, బలహీన వర్గాలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగుల్లో అర్హులైనవారిని వెతికి పంపమని ప్రభుత్వమే కోరుతుంది. మన ఊళ్ళల్లో పేరు లేకుండా పనిచేసే సిస్టర్లు, దళితవాడ పాస్టర్లు, తండాల్లోని పూజారులు ఈ మాటకు నిజంగా సరిపోతారు. వాళ్ళ గురించి ముందు ఆలోచించండి.

పోర్టల్‌లో నింపడం

నామినేషన్లు ఆన్‌లైన్‌లోనే తీసుకుంటారు, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో. చిరునామా: అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్. గడువు తేదీలు మారుతుంటాయి. 2025 పురస్కారాలకు మే 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు తీసుకున్నారు, 2026 వాటికి మార్చి 15 నుంచి జూలై 31 వరకు. కాబట్టి మార్చి రాగానే పోర్టల్ చూడటం మొదలుపెట్టండి.

మీ మొబైల్ నంబరుతో రిజిస్టర్ చేసుకుని, పద్మ పురస్కారాల విభాగంలోకి వెళ్ళి ఆయన వివరాలు నింపాలి. పేరు ఆధార్‌లో ఎలా ఉందో కూడా సరిచూసుకోండి. స్వాములకు, ఫాదర్లకు పూర్వాశ్రమం పేరు ఒకటి, ఇప్పటి పేరు ఒకటి ఉంటుంది, అక్కడే తికమక వస్తుంది. కథనాన్ని నేరుగా వెబ్‌సైట్‌లో టైప్ చేయకుండా వేరే ఫైల్లో రాసుకుని తెచ్చి అతికించండి. చివరి రోజు దాకా ఆగితే సర్వర్ టెన్షన్ ఒకటి. అన్నీ అయ్యాక సబ్మిట్ చేసిన కాపీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి.

ఈ దశలోనే కొందరు ఫోన్ చేస్తారు. ‘మేం ఢిల్లీలో చూసుకుంటాం, కొంత ఖర్చవుతుంది’ అంటారు. ఫోన్ పెట్టేయండి. మాకూ అలాంటి ఫోన్ వచ్చింది, అడిగింది ఆ పిల్లల ఏడాది పుస్తకాల డబ్బు కన్నా ఎక్కువ.

పంపిన తర్వాత

ఏటా ప్రధానమంత్రి ఒక పద్మ పురస్కారాల కమిటీని వేస్తారు. క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షులు. హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురి నుంచి ఆరుగురు ప్రముఖులు సభ్యులు. వాళ్ళ సిఫారసులు ప్రధానికి, రాష్ట్రపతికి వెళ్తాయి. మధ్యలో మీరు చేయగలిగింది లేదు. ఊళ్ళో ముందే ఫ్లెక్సీలు మాత్రం కట్టించకండి.

వస్తే ఏమొస్తుందో భక్తులకు, కమిటీవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. రాష్ట్రపతి సంతకంతో సనదు (అధికారిక పురస్కార పత్రం), ఒక పతకం. డబ్బు రాదు, రైలు విమానాల్లో రాయితీ రాదు. పేరుకు ముందుగానీ వెనకగానీ ‘పద్మశ్రీ’ అని తగిలించుకోకూడదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు తగిలించకూడదని సుప్రీంకోర్టు 1995లో తేల్చి చెప్పింది. సినిమా టైటిల్స్‌లో వేసుకున్నందుకు మన హైకోర్టు దాకా వెళ్ళిన కేసు కూడా ఉంది. శిష్యులు ప్రేమ కొద్దీ గుడి గోడ మీద, పెళ్ళి పత్రికల మీద, కరపత్రాల మీద రాసేస్తారు. దానివల్ల ఇబ్బంది పడేది ఆయనే. అందుకే మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి.

రాకపోతే వచ్చే ఏడాది మళ్ళీ పంపండి. పాత కథనంలో తేదీలు మార్చి అదే పంపకుండా, ఏడాదిలో కొత్తగా జరిగింది చేర్చండి. మా ఇమామ్ సాబ్‌కు పద్మ రాలేదు. అదే ఫైల్ కుదించి కలెక్టరేట్‌లో ఇస్తే మరుసటి ఆగస్టు 15న ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఆయన ఇంట్లో పెట్టుకోలేదు. వరండాలో బ్లాక్‌బోర్డు పక్కన, పిల్లలకు కనిపించేలా మేకు కొట్టి తగిలించారు. ఈసారి నామినేషన్‌లో ఒక పేజీ కొత్తగా చేరుతోంది. మొదటి రోజు వచ్చిన ఆ నలుగురిలో ఒక అమ్మాయి ఇప్పుడు టీచరు. సాయంత్రం ఏడింటికి అదే వరండాలో లెక్కలు చెబుతోంది, హాజరు నోట్‌బుక్కు కూడా తనే రాస్తోంది.